చొక్కా జేబులో జాకీ

మా చర్చిలో నేను తమ్ముడూ అని పిలిచే అతను, వెన్నెముక ఆపరేషన్లలో పెట్టే ఇంప్లాంట్లు అమ్మే కంపెనీలో పనిచేసేవాడు. ఎవరైనా నడుము నొప్పి అంటే చాలు, చొక్కా జేబులోంచి నమూనా ముక్క తీసి అరచేతిలో పెట్టుకుని సన్నటి తాళంచెవిలాంటి దాంతో తిప్పేవాడు. అది మెల్లగా పైకి లేచేది.

“కారుని లేపే జాకీ మాదిరన్నా. చిన్నదిగా లోపలికి పోతాది, పోయినాక లేచి ఎముకల్ని నిలబెడతాది. నా మాట నమ్ము.”

రొయ్యల గుంటల దగ్గర వంగలేక, నిలబడలేక అల్లాడుతున్న నేను నమ్మాను. ఆపరేషన్ రోజు నా నడుము మీద చెయ్యి వేసి, ఏడుస్తూ ప్రార్థన చేసిందీ అతనే. నొప్పి తగ్గింది, కాదనను.

తర్వాత ఒక ఆదివారం మైపాడు సముద్రంలో బాప్తిస్మాలు జరిగాయి. పాస్టరుగారికి సాయంగా నీళ్లలోకి దిగిన తమ్ముడు ఒడ్డుకొచ్చేసరికి, ఒంటికి అంటుకుపోయిన తెల్లచొక్కా కింద వెడల్పాటి నడుము బెల్టు కనబడింది. ఆపరేషన్‌కు ముందు నేను కట్టుకున్నటువంటిదే.

“నీకూ నడుమేనా?” అన్నాను.

“నీకంటే ముందు నుంచే అన్నా.”

“మరి నువ్వెందుకు పెట్టించుకోలా?”

అలవాటు కొద్దీ అతని చెయ్యి జేబు దాకా పోయింది. జేబు ఖాళీ. చూపు ఇసకలోకి దించేశాడు.

“భయమన్నా. ముందు నువ్వెట్టా నడుస్తావో చూద్దామనుకున్నా.”