విరిగినవాటి రిజిస్టరు

ఎక్కడ ఏది విరిగినా మా కథలోని ప్రొఫెసరుగారికి పండగే. అందరూ "అయ్యో" అంటుంటే ఆయన మాత్రం "ముక్కలు పారేయకండి" అంటూ జేబులోంచి కవరు తీస్తారు.

ఏ లోహం ఎంత లాగితే ఎలా తెగుతుందో, జరిగిన పరీక్షల వివరాలు చూపించి కంప్యూటరుకు నేర్పడం ఆయన పరిశోధన. అది ల్యాబుతో ఆగితే బాగుండేది. ఇంట్లో టీ కప్పు పిడి ఊడితే స్కేలు పట్టుకొచ్చి, "టీ వేడిగా ఉందా, చల్లారిందా?" అని అడిగారు.

"చెయ్యి కాలిందా అని అడగరేం?" అంది భార్య.

"అదీ రాసుకుంటాను. కాలిందా?"

పన్ను పీకించుకున్నప్పుడు విరిగిన ముక్కను కవర్లో వేయించుకుని, ఎంత బలంగా లాగారో డాక్టరు చెప్పేదాకా కుర్చీ దిగలేదట.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఇవన్నీ చెప్పుకుని తెగ నవ్వేది, తన వంతు వచ్చేదాకా. లాగి చూడాల్సిన లోహపు పట్టీలు నలభై. చివరిదాన్ని యంత్రంలో వంకరగా బిగించింది. నడిమికి తెగాల్సింది కాస్తా బిగించినచోటే పుటుక్కుమంది. అలాంటి పట్టీ మళ్లీ దొరకదు, అది లేనిదే థీసిస్ ఈ ఏడాదికి లేనట్టే. ఆమె ముక్కలు సంచిలో దాచేసి, పరిశోధన మానేస్తానని చెప్పడానికి ఆయన గదికి వెళ్లింది.

ఆయన లేరు. బల్ల మీద విరిగినవాటి రిజిస్టరు తెరిచి ఉంది. అందులో "కారణం" అనే గడిలో ఎవరెవరి పేర్లున్నాయో చూడాలని ఆమెకు ఎప్పటినుంచో ఆరాటం. ఆగలేకపోయింది. కప్పు: పిడిలో పాత పగులు. అటెండరు చీపురుకర్ర తగిలి పగిలిన కిటికీ అద్దం: చట్రం మరీ బిగుతు. పన్ను: వయసు.

"ఎవరి పేరూ లేదేంటి సార్?" వెనకే వచ్చిన ఆయన్ని అడిగింది.

"పేర్లు రాస్తే ముక్కలెవరు తెస్తారమ్మా? దాచేస్తారు. దాచిన ముక్కతో కంప్యూటరు ఏం నేర్చుకుంటుంది?"

ఆమె సంచి విప్పింది. ఆయన ముక్కల్ని వెలుతురుకు పెట్టి చూసి మురిసిపోయారు.

"ముప్పైతొమ్మిదీ బుద్ధిగా నడుమే తెగాయి. వంకరగా బిగిస్తే ఏమవుతుందో మన ప్రోగ్రాముకు ఇప్పటిదాకా తెలీదు. దీనిమీద ఒక అధ్యాయం రాయి. పని పెరిగింది గానీ ఏడాది పోలేదులే."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆయన రిజిస్టరులో రాస్తుంటే తొంగిచూసింది. కారణం: బిగించడం నేర్పినవాడు సరిగా నేర్పలేదు.

"నేర్పింది మీరే కదా సార్."

"అందుకేగా పేరు రాయలేదు" అన్నారాయన, కవరు అంటిస్తూ.