పసుపు వేరు కాదట

మా అమ్మాయి పదో తరగతిలో మండలానికే మొదటిది. ఆ మాట ఆర్మూరు బస్టాండు నుంచి మార్కెట్ యార్డు దాకా నేనే మోసుకు తిరిగాను. అదే పిల్ల ఇంటర్ రెండో ఏడాది దీపావళి తర్వాత పుస్తకం ముట్టడం మానేసింది. కాలేజీకి వెళ్లేది, వచ్చేది, గోడవైపు తిరిగి పడుకునేది.

"ఏమైందే?" అంటే, "ఏం కాలేదమ్మా. సదవబుద్ధి అయితలేదు. నేను పరీక్ష రాయను" అంది.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. తిట్టాను. ఫోన్ లాక్కున్నాను. రెండు రోజులు మాట్లాడడం మానేశాను. అది దానికి హాయిగానే ఉన్నట్టుంది. పిల్ల చేజారిపోతోందని నా భయం. ఆ భయమంతా తిట్లుగానే బయటికొచ్చేది.

మా ఆయన మాత్రం ఉలకడు, పలకడు. "బిడ్డ గిట్లయితుంటే నీకు జర ఫికర్ లేదా?" అని ఆయన మీదా పడ్డాను. "సూద్దాం తియ్యి" అని చేనుకు వెళ్లిపోయాడు.

ఒక ఆదివారం అమ్మాయి తనంతట తానే లేచి, "బాటనీ సారు పసుపు చెట్లు తెమ్మన్నడు, దుంపలతోని. క్లాసుల నేనే చెప్పాలంట" అంటూ తండ్రితో చేనుకు బయల్దేరింది. నేనూ సద్ది కట్టుకుని వెంట వెళ్లాను.

ఆయన గడ్డపారతో పెళ్లగిస్తూ, "వేరు ఇరగకుండ పట్టు" అన్నాడు.

"ఇది వేరు కాదు బాపు, కాండం."

"ముప్పై ఏండ్ల సంది పండిస్తున్న. నాకే చెప్తున్నవా?"

"గీ కణుపులు చూడు. గిక్కడి నుంచే మొలకొస్తది. వేరుకు కణుపులుంటయా?"

ఆయన దుంపను తిప్పి తిప్పి చూశాడు. "ఔ, నిజమే! గిన్నేండ్లు కాండాన్ని పట్టుకొని వేరంటున్ననా?" పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని వారాలైందో! నేను సద్ది విప్పే నెపంతో కళ్లు తుడుచుకున్నాను.

ఒక్కరోజులో ఏమీ మారిపోలేదు. ఆ వారం బాటనీ పుస్తకం తెరిచింది, తర్వాత జువాలజీ. ఫిజిక్స్‌ను చివరిదాకా తిట్టుకుంటూనే చదివింది. నేను నోరు కట్టుకున్నాను. నాకదే పెద్ద పరీక్ష. మార్చిలో అది అన్ని పేపర్లూ రాసింది.

ఆఖరి పేపరు అయిన మర్నాడు కొబ్బరి కూరి తీపి గరిజెలు చేసి డబ్బాలో పెట్టుకుని బాటనీ సారు దగ్గరికి వెళ్లాను. "మీరు ఆ పని చెప్పకుంటే మా బిడ్డ పరీక్ష రాయకపోతుండె సార్" అన్నాను.

"గా ఆలోచన నాది కాదమ్మా. మీ ఆయనే వచ్చిండు. గేటు కాడ మస్తు సేపు నిలబడ్డడు. 'మా బిడ్డకు మా చేన్ల పని ఏదన్న చెప్పుండ్రి సార్, నేనొచ్చిన్నని మాత్రం చెప్పకుండ్రి' అన్నడు."

ఇంటికొచ్చి ఆయనను నిలదీశాను. "నాకు ఒక్క మాటన్న చెప్పకపోతివి?"

"చెప్తె నీ నోట్ల ఆగుతదా?"

ఆగదు, నిజమే. బిడ్డంటే పట్టదని ఆయన్ని అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. అన్నం వడ్డిస్తూ, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి, "నీకు దండం పెడ్త" అన్నాను.

"పిచ్చిదానా, కూర ఎయ్యి" అన్నాడు.