విమానం తోకకు తొడుగు

మా మేనమామ టైలరు. ఆ సంగతి కొట్టు మీది బోర్డు చెబుతుంది, ఆయన మెడలో వేలాడే టేపు చెబుతుంది. ఊళ్లో ఆడవాళ్లను అడిగితే మాత్రం వేరే మాట చెబుతారు. పెళ్లికని ఇచ్చిన జాకెట్టు బిడ్డ పుట్టాక చేతికొచ్చిందని ఒకావిడ అంటే, నయం నీకు వచ్చింది కదా అని ఇంకొకావిడ నిట్టూర్చేది. ఎవరొచ్చి అడిగినా "రేపు రండమ్మా" అనేవాడు. అబద్ధం చెబుతున్నానని ఆయన ఎన్నడూ అనుకోలేదు. రేపటి మీద అంత నమ్మకమున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

కొట్టంటే ఇరుకు గది. ఒక గోడకు కుట్టుమిషను, ఇంకో గోడకు ఇస్త్రీ బల్ల, మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిస్తే సరిపోయే జాగా. వీధి మలుపులో రెడీమేడ్ బట్టల షాపు తెరిచాక జనం అక్కడ కొనుక్కోవడం, ఇక్కడికొచ్చి పొడుగు తగ్గించమనడం మొదలుపెట్టారు. కొత్త గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీసి, కత్తెర ఆడించే పని ఆయనకు లేకుండా పోయింది. ఇతరులు కుట్టిన ప్యాంట్లకు కాళ్లు నరకడం మిగిలింది.

మా అత్త లోకం తెలిసిన మనిషి. బోర్డు మీద టైలర్ అన్న మాట తీయించి ఆల్టరేషన్స్ అని రాయిస్తే నాలుగు బేరాలు పెరుగుతాయని బోర్డులు రాసేవాడితో మాట్లాడేసింది. ఆ రోజు మామ అన్నం తినలేదు. కాళ్లు నరకడానికి తనకేం అభ్యంతరం లేదట, ఆ మాట నెత్తిన పెట్టుకుని కూర్చోవడం మాత్రం తనవల్ల కాదట.

అలాంటప్పుడు వచ్చారు విమానం వాళ్లు.

ఊరి చివర యుద్ధం రోజుల్లో వేసిన విమానాల మైదానం ఉంది. యుద్ధమయ్యాక ఊరంతా కలిసి దాన్ని స్వాధీనం చేసుకుంది. రన్‌వే మీద కార్లు నేర్చుకునేవాళ్లు, పగుళ్లలో గడ్డి మేసే మేకలు, విమానాల షెడ్డులో ఉల్లిపాయల గోడౌను. మా ఊళ్లో చరిత్ర ఉల్లిపాయల వాసన వేసేది. ఆ మైదానాన్ని కాపాడాలని ఇంట్లో ఎవరూ మాట వినని వయసులో ఉన్న కొందరు మగవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. నీళ్ల పంపుల ఇంజనీరుగా రిటైరైన ఆయన వాళ్లకు పెద్ద. వీళ్లు అంతటితో ఊరుకోకుండా, యుద్ధంలో చెరువులో కూలిన విమానాన్ని ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు క్రేనుతో పైకి తీసి, బురద కడిగి, ఇంజను బాగుచేసి, షెడ్డులో సగం ఖాళీ చేయించి నిలబెట్టారు. ఉల్లిపాయల వ్యాపారికి వాళ్ల మీద పీకలదాకా కోపం.

ఆ స్థలంలో పెద్ద గిడ్డంగులు కట్టాలని ఒక కంపెనీ చూస్తోంది. మైదానాన్ని ఉంచాలో అమ్మాలో తేల్చడానికి పైఅధికారి రాబోతున్నాడు. ఆయన కళ్లముందు విమానం తన ఇంజనుతో తాను రన్‌వే మీద నడిస్తే ఉంచేయమని రాస్తాడట. ఎగరనక్కర్లేదు, నడిస్తే చాలు. అధికారుల తర్కం మనకెందుకు.

విమానం ఒళ్లంతా రేకే గాని, తోక మీద నిలువుగా నిలబడి అటూ ఇటూ తిరిగే చుక్కాని ఉత్త చట్రం. దానికి దిండు గలీబులాగా గుడ్డ తొడిగి, చేత్తో కుట్టి, వార్నిష్ లాంటి మందు పూస్తే డప్పులా బిగుస్తుంది. చేత్తో కుట్టేవాళ్ల కోసం సంఘం వాళ్లు ఊరంతా తిరిగారు. ఎక్కడా దొరక్క, చివరికి మా మామ గుమ్మంలో నిలబడ్డారు.

ఇంజనీరు యుద్ధం గురించి, వీరుల గురించి ఒక ఉపన్యాసం తయారుచేసుకుని వచ్చాడు. మామ అంతా వినకుండానే అడిగాడు.

"ఆది తెచ్చారా?"

కొత్త బట్ట కుట్టాలంటే ఒంటికి సరిపోయే పాత బట్ట ఒకటి కొలతకు ఇవ్వాలి. అదే ఆది. ఇంజనీరు గారి దగ్గర అదీ ఉంది. చెరువులోంచి తీసిన తోక గుడ్డ, బురద మరకలతో, చెదిరిన అంకెలతో. పసిపిల్లను అప్పగించినట్టు రెండు చేతులతో అప్పగించి వెళ్లాడు. మామ దాన్ని జాకెట్ల కుప్ప మీద పడేశాడు.

అత్త పందెం వేసింది. "ఇదొక్కటి చెప్పిన రోజుకు ఇవ్వండి, బోర్డు జోలికి రాను. లేదంటే ఆ మర్నాడే బోర్డువాడు వస్తాడు, మీరు నిచ్చెన పట్టుకోవాలి." మామ సరేనన్నాడు. ఇవ్వాల్సిన రోజు అధికారి వచ్చే రోజే.

మర్నాడు అత్తకు కుప్పలోంచి కంపు తగిలింది. ఎవరో గాని స్నానం ఎరగని మనిషిలా ఉందే అనుకుంటూ ఆ గుడ్డను బకెట్లో వేసింది. వేడినీళ్లు, సబ్బు, ఉతుకు, గంజి, ఇస్త్రీ. వారం తర్వాత ఇంజనీరు చూడ్డానికి వస్తే అది తెల్లగా, నాలుగు మడతలతో బల్ల మీద ఉంది. ఆయన అక్కడే ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. బురద ఏదమ్మా అని మాత్రం అడగగలిగాడు. రెండుసార్లు నానబెట్టాల్సి వచ్చిందండీ అని అత్త గర్వంగా చెప్పింది. ఇలాంటివి ఇంట్లో ఉంచుకుంటే రోగాలొస్తాయని కూడా చెప్పి పంపించింది. వేరే టైలరు దొరకడు కాబట్టి ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మామ ఆ ఆది పెట్టుకుని, సంఘం వాళ్లు విదేశం నుంచి ఓడలో తెప్పించిన కొత్త గుడ్డ మీద గీశాడు, కత్తిరించాడు, కుట్టాడు. ఎన్నాళ్లకో చేతికొచ్చిన కొత్త గుడ్డ. ఆ రోజుల్లో ప్యాంట్లవాళ్లను గుమ్మంలోంచే పంపించేశాడు. ఇంకా రెండు రోజులుండగానే తయారైపోయింది. షెడ్డుకు పట్టుకెళ్లి, అందరి ముందూ చట్రానికి తొడిగాడు.

తొడుగు నడుం దాకా వచ్చి ఆగిపోయింది.

లాగారు. ఇద్దరు నిచ్చెనలెక్కి లాగారు. అంగుళం దిగలేదు. మామ నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసి, ముప్పై ఏళ్లుగా ఆడవాళ్లకు చెబుతున్న మాటే చెప్పాడు.

"మీ విమానం లావైనట్టుంది సార్."

విమానం నడపడానికి ఒప్పుకున్న పైలట్ పూర్వం పొలాలకు మందు కొట్టే విమానం నడిపినవాడు. చెరువులో అన్నేళ్లు నీళ్లు తాగింది మరి అని వంత పాడాడు. ఇంజనీరు నవ్వలేదు. అప్పుడే క్యారియర్ తెచ్చిన అత్త దాన్ని కింద పెట్టింది.

"వేడినీళ్లలో నానబెట్టాను కదా," అంది మెల్లగా. "అది కుంచించుకుపోయి ఉంటుంది."

పెళ్లయిన ఇన్నేళ్లలో అత్త తప్పు మామకు దొరకడం అదే మొదలు. నాకైతే ఆయన ఆ క్షణాన్ని పండగ చేసుకుంటాడనిపించింది.

"ఆది తీసుకున్నవాడు ఒంటి కొలత కూడా చూసుకోవాలి," అన్నాడు మామ. "టేపు నా మెడలోనే ఉంది."

మళ్లీ గుడ్డ తెప్పించాలంటే నెలలు పడుతుంది. ఉత్త చట్రంతోనే నడిపిద్దాం, మీరు ఇంటికెళ్లండి మాస్టారూ అన్నాడు ఇంజనీరు. మామ అప్పటికే కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు లావవుతారని జాకెట్లో లోపల రెండు వేళ్ల గుడ్డ మిగల్చడం ఆయన అలవాటు. విమానానికి కూడా మిగిల్చాడు, మనిషో విమానమో ఆలోచించకుండా. పక్కలు వదులు చేస్తే తొడుగు దిగింది గాని, ఆ లాగుడుకి కింద జానెడు తక్కువైంది. కత్తిరింపుల్లో మిగిలిన పీలికలన్నీ ఏరి, ఒకదానికొకటి అతికి, ఒక పట్టీ చేశాడు. సన్నసూదిలో దారం ఎక్కించడం ఆయన కళ్లకు కష్టం. పక్కన ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని అత్త ఎక్కించి ఇచ్చింది. పందెం ఓడిపోవాల్సినవాడికి గెలవాల్సినావిడ సూదులు అందించడం చూసి పైలట్ ఏదో అనబోయి, అత్త చూపు చూసి మానుకున్నాడు. పైభాగానికి మందు పూశారు. అది ఆరి బిగుసుకుంది. కింది అంచుకు తర్వాత పూద్దామనుకున్నారు.

అధికారి చెప్పిన వేళకు వచ్చాడు. అలా వస్తాడని ఎవరు అనుకుంటారు. మామ ఇంకా తోక దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. కింది అంచులో బెత్తెడు కుట్టు మిగిలింది. అక్కడ గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. చాలు మాస్టారూ, సూదులు పట్టుకుంటాయిలే అని ఇంజనీరు ఆయన్ని జబ్బ పట్టుకుని పక్కకు లాగాడు. ఇంజను దగ్గింది, పొగ కక్కింది, తిరిగింది. దుమ్ము లేచి అధికారి కళ్లజోడు నిండిపోయింది. విమానం కదిలింది. జనం చప్పట్లు కొట్టారు. తోక కింద సూదీ దారం వేలాడుతూ వెళ్లిపోతున్నాయి.

మామ పరుగెత్తాడు.

అరవై దాటిన మనిషి, మెడలో టేపు ఎగురుతుండగా, రన్‌వే మీద యుద్ధ విమానం వెనక. ఆగండి, ఇంకా అవ్వలేదు అంటున్నాడని నాకు తెలుసు గాని, ఆ హోరులో ఎవరికి వినపడుతుంది. అధికారితో వచ్చిన కాపలావాడు ఆయన వెనక పరుగెత్తాడు. అవతలి చివర మలుపు తిరగడానికి విమానం ఆగింది. పైలట్ వెనక్కి చూసి, ఇంజను జోరు తగ్గించాడు. మామ తోక కింద మోకాళ్లూని, సూదులు ఒక్కొక్కటే లాగి పెదాల మధ్య పెట్టుకుంటూ, ఆ బెత్తెడూ కుట్టేశాడు. ముడి వేశాడు. తల వంచి, దారం నోటితో కొరికాడు.

ఆయన ఏం చేస్తున్నాడని అధికారి అడిగాడు. దణ్ణం పెట్టుకుంటున్నాడండీ అన్నాడు ఇంజనీరు. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ వంచిన తల ఫొటో పేపర్లో పడింది, వీరులకు వృద్ధుడి వందనం అని. మైదానం దక్కింది. దేశభక్తి ఎలా పుడుతుందో అప్పుడు తెలిసింది నాకు.

మామ నోటినిండా సూదులతో నడిచొచ్చాడు. అత్త అరచేయి చాపింది. ఆయన ఒక్కొక్కటే అందులో పెట్టాడు.

"ఇంజను స్టార్టయ్యాక ఇచ్చారు. అది ఇచ్చినట్టు కాదు," అంది అత్త.

ఆయన తలూపాడు.

"టైలర్ అన్న అక్షరాలు వెలిసిపోయాయి. అవే మళ్లీ దిద్దమంటాను," అంది.

విమానం తిరిగి మా వైపు వస్తోంది. చుక్కాని ఒకసారి అటు తిరిగింది, ఒకసారి ఇటు తిరిగింది. మామ కళ్లు చికిలించి చూశాడు.

"ఎడమ పక్క ఒక ముడత పడింది."

"కనపడదు లెండి."

"నాకు కనపడుతోంది," అన్నాడు మామ.