అరిటాకు మీద కార్బురేటర్

నా చిన్నప్పుడు ఆదివారం అంటే మా పెరట్లో కిరసనాయిలు వాసన. తక్కినవాళ్ళకి తలంటు కుంకుడు రసమో, పొయ్యి మీద ఉడికే కూరో గుర్తుంటుంది కాబోలు. నాకు మాత్రం సత్తు బేసినులో పోసిన కిరసనాయిలు, అందులో నానుతున్న గొలుసులు గుర్తు. అల్లవరం దగ్గర మా ఊళ్ళో అప్పట్లో మోటారుసైకిలు ఉన్న ఇళ్ళు బహు కొద్ది. ఆ కొద్దిమందీ ఆదివారం పొద్దున్నే బళ్ళు తోసుకుంటూ మా కొబ్బరి డొక్కల షెడ్డుకి వచ్చేసేవారు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పట్టిపోయేది. అందుకని మెరిసే చోటల్లా కొబ్బరినూనె రాసేవారు, డొక్క పీచుతో చక్రాల చువ్వలు తోమేవారు. ఎవరి బండి ఎన్ని కిక్కులకి అందుకుంటోంది, ఏ ఆయిలు పోస్తే పొగ రాదు, మండపేటలో ఏ కొట్లో నమ్మకమైన సామాను దొరుకుతుంది... మధ్యాహ్నం దాకా ఇవే కబుర్లు.

ఆ షెడ్డుకి పెద్ద మా మావయ్య గారు, అంటే మా మేనత్త భర్త. పక్కిల్లే వాళ్ళది. ఆయనది నల్లబండి. దాన్ని ఆయన చూసుకున్నట్టు కొందరు కన్నబిడ్డల్ని కూడా చూసుకోరు. వానలో తడిసి వస్తే ముందు బండి తుడిచి, తర్వాతే తల తుడుచుకునేవారు. పనిముట్ల పెట్టె ఒకటి ఉండేది ఆయనకి. అందులో రెంచీలు గుడ్డలో చుట్టి, వరసలో పడుకోబెట్టినట్టు ఉండేవి.

నాకు ఉబ్బసం. బడి కాలవకి అవతల ఉండేది. పడవెక్కి, గట్టు ఎక్కి, అంత దూరం నడిస్తే ఊపిరి అందేది కాదు. అందుకని బడి మానిపించేశారు. పిల్లలు లేని మా అత్తయ్య నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చదువు చెప్పింది. పలకా బలపం కన్నా ముందు నాకు అక్షరాలు పరిచయమైంది గిన్నెల మీద. మా వైపు సామాను కొంటే దాని మీద ఇల్లాలి పేరు కొట్టిస్తారు. పేర్లు కొట్టే అతను గుమ్మంలో కూర్చుని చిన్న ఉలితో, సుత్తితో చుక్కలు చుక్కలుగా అక్షరాలు చెక్కుతాడు. అత్తయ్య నా వేలు పట్టుకుని ఆ చుక్కల మీద నడిపించేది. కళ్ళతో కన్నా ముందు వేలితో చదవడం నేర్చుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆ తల్లి పెట్టిన భిక్షే.

ఓసారి పేర్లు కొట్టే అతను వచ్చినప్పుడు మావయ్య గారు షెడ్డులో ఒక్కరే బండి విప్పి పెట్టుకుని ఉన్నారు. ఏమనుకున్నారో, కార్బురేటర్ తీసుకొచ్చి అతని ముందు పెట్టేశారు. ఇంజనులోకి పెట్రోలు, గాలి కలిపి పంపే సామాను అది. 'దీనికీ మా ఆవిడ పేరే కొట్టవోయ్. ఇంట్లో సామానంతా ఆవిడదే కదా, ఇది మాత్రం నాదెలా అవుద్ది' అన్నారు. అతను నవ్వుతూ ఇంజను వైపు తిరిగి ఉండే వెనక భాగంలో అత్తయ్య పేరు కొట్టాడు. అత్తయ్య సిగ్గుతో లోపలికి పారిపోయింది.

తర్వాతి వానాకాలంలో జ్వరం వచ్చి మావయ్య గారు పోయారు. చాలా చిన్న వయసు.

మైల రోజుల్లో మా ఇంటిల్లిపాదీ ఏడుపులో ఉంటే, షెడ్డు స్నేహితుల్లో ఒకాయన మా నాన్నతో, 'ఊరికే నిలబెట్టేస్తే ఇంజను పట్టేసుద్దండి, నేను కొన్నాళ్ళు తిప్పి ఇస్తాను' అని నల్లబండి తీసుకెళ్ళాడు. ఆయనదీ అదే రకం బండే, రంగు మాత్రం ఎరుపు. అందుకని మేం పిల్లలం ఎర్రబండి ఆయన అనేవాళ్ళం. మనిషిది పెద్ద గొంతు. బండి తిరిగొచ్చాక స్టార్టు అవ్వడం మానేసింది. కాళ్ళు నొప్పెట్టేలా తొక్కినా దగ్గేదే తప్ప పలికేది కాదు. మా నాన్నకి బళ్ళ సంగతి తెలీదు. 'మనిషితో పాటే పోయినట్టుంది' అని నిట్టూర్చి గోడవార పెట్టించారు.

మళ్ళీ ఆదివారాలు మొదలయ్యాయి. ఓ ఆదివారం అత్తయ్య అందరికీ కాఫీ పట్టుకెళ్తుంటే నేనూ వెనకాల వెళ్ళాను. తెలుగు మాస్టారు గారు తన బండి బ్రేకు బిగించుకుంటూ, 'పాపం, ఆయన పోయేక ఆ బండి కూడా మూగబోయిందండీ' అంటున్నారు.

ఎర్రబండి ఆయన ప్లగ్గు తోముకుంటూ నవ్వాడు. 'ఎందుకు మూగబోదండీ మాస్టారూ? పైన నూనె రాసి మెరిపించడమే గానీ లోపలేనాడైనా చూసేరా? తుక్కండి అది. బండినే చూసుకోలేని మనిషి ఒంటినేం చూసుకుంటాడు! దసరా వెళ్ళేక తుక్కు ధరకి నేనే పట్టుకుపోతాను, పాప వాళ్ళ నాన్నగారికి చెప్పేను.'

నా ముందు అత్తయ్య వీపు ఒక్క క్షణం కట్టెలా బిగుసుకుపోయింది. అంతే. వెళ్ళి అందరికీ ఇచ్చింది. ఆయనకి ఇస్తూ, 'పంచదార సరిపోయిందాండీ అన్నయ్య గారూ?' అని కూడా అడిగింది.

వాళ్ళంతా వెళ్ళిపోయాక అత్తయ్య నల్లబండి పక్కన కూలబడి, ఇంజను వెనక్కి చెయ్యి పోనిచ్చి కార్బురేటర్ వెనకవైపు చాలాసేపు తడిమింది. తర్వాత నా వేలు పట్టుకుని అక్కడ పెట్టింది. 'చదవవే' అంది. నా వేలికి అక్షరం తగల్లేదు, చుక్క కూడా తగల్లేదు. నున్నటి ఇనుము.

'ఆయన పోతే దేవుడు తీసుకెళ్ళేడనుకున్నాను. ఊరుకున్నాను. ఇది దేవుడు తీసుకెళ్ళలేదే' అంది. ఆ గొంతు నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. నాన్నకి చెబుదాం అన్నాను. తల అడ్డంగా ఊపింది. 'అడిగితే లేదంటాడు. తెల్లారేసరికి మార్చేసి, నాకు మతి చలించిందంటాడు. వాడి చేత్తో వాడే విప్పాలి. నలుగురిలో పెట్టాలి. మా ఆయన్ని ఏ నోటితో అన్నాడో ఆ నోటితోనే వెనక్కి తీసుకోవాలి.'

అప్పటినుంచి దసరా దాకా అత్తయ్య రోజూ అమ్మవారి పటం ముందు కూర్చునేది. ఇదివరకు కూర్చుంటే పెదవులు కదిలేవి. ఇప్పుడు కదిలేవి కావు. కళ్ళు తెరుచుకునే కూర్చునేది. నాకు భయం వేసేది, ఎందుకో ధైర్యంగానూ ఉండేది.

ఆయుధ పూజకి ముందు రోజు బళ్ళన్నీ మా షెడ్డులో కడగడం ఆనవాయితీ. ఆ ఏడు అత్తయ్య మా నాన్న చేత అందరికీ కబురు పెట్టించింది. మావయ్య గారి జ్ఞాపకంగా ఆయన పనిముట్ల పెట్టె ఒకరికి ఇస్తుందని, పైనా లోపలా ఎవరి బండి బాగా చూసుకున్నారో వాళ్ళకే ఇస్తుందని, అందుకని ఎవరి బండి వాళ్ళు విప్పి చూపించాలని. ఆ పెట్టె మీద అందరికీ కన్ను ఉండేది. అందరికన్నా ముందు వచ్చినవాడు ఎర్రబండి ఆయన.

అత్తయ్య గచ్చు కడిగి, భోజనాల పంక్తికి వేసినట్టు అరిటాకులు వేసింది. 'ఆయ్, ఇదేంటండీ చెల్లెమ్మా, బోల్టులకి కూడా విస్తరే?' అని కొబ్బరికాయల షావుకారు గారు నవ్వారు. 'ఆయన ఉంటే మీకు పండక్కి భోజనం పెట్టేవోరండి. నేనిలా పెడుతున్నాను' అంది అత్తయ్య. విప్పిన సామానంతా ఆకుల మీద పరిచారు. ప్లగ్గు, గొలుసు, కార్బురేటర్ కూరల్లా వరసగా కూర్చున్నాయి. 'నాది చూడండి, అద్దంలో మొహం చూసుకోవచ్చు' అని ఎర్రబండి ఆయన ఒకటే గోల.

అత్తయ్య మావయ్య గారి పాత పంచె చింపి, ఆ తెల్లగుడ్డ కిరసనాయిల్లో ముంచి నాకిచ్చింది. ప్రతి ఆకు దగ్గరా కూర్చుని ప్రతి సామాను వెనకా తుడవమంది. మాస్టారి ఆకు దగ్గర గుడ్డ తెల్లగానే ఉంది. షావుకారు గారి దగ్గర కాస్త మాసింది. 'వయసైపోయిందండి, నడుం వంగట్లేదు' అని ఆయనే సర్ది చెప్పుకున్నారు. ఎర్రబండి ఆయన కార్బురేటర్ పైవైపు నిజంగానే మెరుస్తోంది. వెనక్కి తిప్పి తుడిచాను. గుడ్డ నల్లబడింది. ఇంకో చోట మడిచి తుడిచాను. మళ్ళీ నలుపే. మడ్డి కట్టి ఉంది. 'అబ్బే, అక్కడ ఎవరు చూస్తారమ్మా' అన్నాడాయన. నేను తుడుస్తూనే ఉన్నాను. వేలికి చుక్క తగిలింది. పక్కన ఇంకోటి.

'చదవవే తల్లీ. అందరికీ వినపడాలి' అంది అత్తయ్య.

చదివాను. గట్టిగా, ఒక్కో అక్షరం. అత్తయ్య పేరు, ఇంటిపేరుతో సహా.

ముందు తేరుకున్నది షావుకారు గారే. 'ఏమండోయ్, మీ బండి కడుపులో మా చెల్లెమ్మ గారి పేరేంటండీ?'

ఎర్రబండి ఆయన మొహం బండి రంగుకి తిరిగింది. కంగారులో మారిపోయిందేమో, మెకానిక్కు చేసుంటాడేమో అని ఏవేవో అన్నాడు. అత్తయ్య గొంతు పెంచలేదు. 'ఇన్నాళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వెనక్కి తిప్పి తుడిచుంటే నా పేరు మీకే కనపడేదండి అన్నయ్య గారూ. చెరిపేసుకుందురు. తుడవలేదు. లోపల చూసుకోవడం ఎవరికి రాదండీ మరి?'

ఆయన దాన్ని తీసి అత్తయ్య కాళ్ళ దగ్గర పెట్టబోయాడు. 'నాకెందుకండి? బిగించండి' అని నల్లబండి వైపు చూపించింది. బిగించాడు. నట్టు రెండుసార్లు జారిపడింది. ఎవరూ వంగి అందించలేదు. మాస్టారు గారు కొత్త పెట్రోలు పోశారు. 'కొట్టండి' అంది అత్తయ్య. మొదటి కిక్కుకి దగ్గింది. రెండో కిక్కుకి అందుకుంది. మావయ్య గారు పోయిన తర్వాత మొదటిసారి ఆ చప్పుడు మా పెరడంతా నిండింది. మా అమ్మ వంటింట్లోంచి చేతులు కూడా తుడుచుకోకుండా పరుగెత్తుకొచ్చింది.

'చెప్పండి, మా ఆయనకి బండి చూసుకోవడం వచ్చా, రాదా?'

'వచ్చండి' అన్నాడు తల దించుకుని.

'బండి చప్పుడులో వినపడలేదండి.'

'వచ్చండి చెల్లెమ్మ గారూ!' అని అరిచాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

అన్న మాట ప్రకారం పనిముట్ల పెట్టె మాస్టారి చేతిలో పెట్టింది. ఆయన వద్దు వద్దంటూనే కళ్ళకద్దుకున్నారు. నల్లబండిలో ఇన్నాళ్ళూ ఉన్నది ఎర్రబండి ఆయనదే కదా, ఆ అరిగిపోయిన కార్బురేటర్‌ని, ఆయన ఆకులోనే పొట్లం కట్టి చేతికిచ్చింది. 'మీ సొమ్ము మాకొద్దండి.' ఎర్రబండిని ఆయన కాలవ గట్టు పొడుగునా తోసుకుంటూ వెళ్ళాడు. పండగ ముందు రోజు, ఊరంతా అరుగుల మీదే ఉంది. 'ఏమైందండీ? ఆగిపోయిందాండీ?' అని ఇంటింటి ముందూ అడుగుతున్నారు. మలుపు తిరిగేదాకా అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది. నేనూ చూశాను. నాకు జాలి వెయ్యలేదు. ఇప్పుడు తలుచుకున్నా వెయ్యదు.

సాయంత్రం అమ్మవారి ముందు దీపం పెట్టి అత్తయ్య వెక్కి వెక్కి ఏడ్చింది. మావయ్య గారు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. 'తల్లీ, ఒక్క అబద్ధం ఆడనివ్వకుండా జరిపించేవు. నీ రుణం తీర్చుకోలేను' అంది. తర్వాత ఆ మనిషి అరటి గెల పంపించాడు, తిప్పి పంపేసింది. పెద్దమనుషుల్ని పంపించాడు, వాళ్ళకి మజ్జిగిచ్చి పంపేసింది. ఆయన భార్యతో మాత్రం ఎప్పటిలాగే మాట్లాడేది. ఆవిడ కాన్పుకి బాలింతలు తినే కారం, కాయం మందు కూడా చేసి ఇచ్చింది. ఆయనతో బతికున్నంత కాలం ఒక్క మాట లేదు. నల్లబండి మాత్రం మా నాన్న నేర్చుకుని నడిపారు.

నాకిప్పుడు మనవలున్నారు. పెళ్ళయ్యాక నన్నూ మాటలన్నవాళ్ళున్నారు, నా వెనక నా సొమ్ము తీసుకున్నవాళ్ళున్నారు. ఎవరి మీదా అరవలేదు, ఎవరినీ శపించలేదు. అలాగని మర్చిపోనూ లేదు. పూజలో కూర్చున్నప్పుడు క్షమించే గుణం ఇమ్మని అడగాలంటారు పెద్దలు. అది నాకు ఈ వయసులోనూ నోటికి రాదు. ఆగే ఓపికివ్వు తల్లీ, ఆగినన్నాళ్ళూ నా నోట అబద్ధం రానివ్వకు, అని మాత్రం అడుగుతాను. ఆవిడ ఇంతవరకు కాదనలేదు.