టీచరమ్మ ఆయిల్ ఇంకా ఇంజన్లోనే ఉంది

మా టీచరమ్మ ప్రభువునందు నిద్రించారని సంఘపెద్ద ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ఆఫీసు మెట్ల మీద ఇంటర్వ్యూ పిలుపు కోసం కూర్చుని ఉన్నాను. ప్రభువు సంగతి నమ్మడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆవిడ చివరికి ఎవరి దగ్గరికి వెళ్తారో మా లాలాగూడ మొత్తానికి తెలుసు. నిద్రించారన్నదే నమ్మలేకపోయాను. చిన్నప్పటినుంచి పక్కింట్లో ఉన్నవాణ్ణి. ఆవిడ కళ్ళు మూసుకోవడం ప్రార్థనలో తప్ప చూడలేదు. అప్పుడు కూడా, అల్లరి చేస్తున్నది ఎవరా అని ఒక కన్ను సగం తెరిచే ఉండేది.

లోపలికి పిలిచి ‘మీ గురించి చెప్పండి’ అన్నారు. ఏం చెప్పానో గుర్తులేదు. ఉద్యోగం రాలేదు. ఆ నేరాన్ని కూడా పోయినావిడ మీదికే నెట్టేస్తున్నాను, పాఠకులు మన్నించాలి.

ఆవిడ ఎవరో చెప్పాలి. బాపట్ల వైపు మనిషి. పెళ్ళయి సికింద్రాబాదు వచ్చి, బడిలో మా తరాలన్నిటికీ కెమిస్ట్రీ చెప్పారు. వాళ్ళాయన, అంటే సారు, రైల్వే వర్క్‌షాపులో పనిచేసి, రిటైరై దిగిపోతూ ఒక లారీ కొన్నారు. కొన్న కొద్ది కాలానికే పోయారు. పిల్లలు లేరు. లారీ మిగిలింది, దాని డ్రైవర్ యాదగిరి మిగిలాడు. చుట్టాలంతా లారీని అమ్మెయ్యమన్నారు. అప్పటికే బడివాళ్ళు టీచరమ్మకు వయసు నిండిందని దండవేసి, శాలువా కప్పి, ఇంటికి పంపించి ఉన్నారు. ‘ఒంట్లో సత్తువుండగా మూలన కూర్చోడానికి నేనొకదాన్ని చాలు, మళ్ళీ లారీ కూడా ఎందుకు’ అన్నారావిడ. అమ్మలేదు.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. అంటే ఇంజన్ బొమ్మ నిలువుకోతలో, అడ్డుకోతలో కూడా గీయగలను. బొమ్మ స్టార్ట్ అవదు, అదొక్కటే లోపం. ఈ అర్హత చూసి టీచరమ్మ నన్ను తన ఒంటి లారీ సంస్థకు సాంకేతిక సలహాదారుగా పెట్టుకున్నారు. జీతం సాయంత్రం టీ, రస్కులు. సలహాలు మాత్రం ఆవిడే ఇచ్చేవారు.

వాళ్ళింటి పక్కన, రైల్వే గోడ వారగా ఉన్న ఖాళీ జాగాలో లారీ ఆగేది. ఒక సాయంత్రం యాదగిరి బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసి, ముఖం చిట్లించాడు.

“అమ్మా, ఆయిల్ నల్లగయింది. రేపు మార్పిస్త.”

“నల్లబడకపోతే కదయ్యా అనుమానించాలి,” అన్నారు టీచరమ్మ వరండాలోంచి. “డీజిల్ ఇంజన్లో మసి పుడుతుంది. ఆ మసిని ఎక్కడా పేరుకోనియ్యకుండా తనలో పట్టి మోసేదే ఆయిల్. అంట్లు తోమిన చెయ్యి నల్లగా ఉందని చెయ్యి నరుక్కుంటామా?”

“నరుక్కోం. కడుక్కుంటం.”

నేను టీ ఒలకబోసుకుని నవ్వాను. టీచరమ్మ నవ్వలేదు. “బాగానే అన్నావు,” అని కాసేపు ఆలోచించారు. ఓడిపోయిన పాయింటును ఒప్పుకోవడం, ఆ వెంటనే ఇంకో పాయింటుతో రావడం ఆవిడ అలవాటు. మర్నాడు రాణీగంజ్‌లో స్పేర్ పార్టుల షాపు నుంచి సింథటిక్ ఆయిల్ తెప్పించారు. మామూలు ఆయిల్‌కి రెట్టింపు దూరం నడుస్తుందని డబ్బా మీద ఉంది. ఆవిడ డబ్బాను నమ్మే మనిషి కాదు కనుక మా ఇద్దరికీ పాఠం చెప్పారు.

మామూలు ఆయిల్ సికింద్రాబాద్ స్టేషన్లో బండి వచ్చినప్పటి జనం లాంటిదట. లావువాళ్ళు, సన్నవాళ్ళు, మూటలవాళ్ళు, చంకలో పిల్లలవాళ్ళు, అందరూ ఒకటే తోపులాట. వేడి తగిలితే తేలికవాళ్ళు ఆవిరైపోతారు, మిగిలినవాళ్ళు ముద్దకడతారు. సింథటిక్ ఆయిల్ పోలీసు పరేడ్. అందరిదీ ఒకే ఎత్తు, ఒకే నడక. వేడికీ చలికీ వరస చెదరదు. “అయినా చూస్తూ ఉండాలి,” అని వేలెత్తారు. “ఫిల్టర్ వేళకి మార్చాలి. చుక్క తీసి చూడాలి. చూడకుండా వదిలెయ్యడం విశ్వాసం కాదు, బద్ధకం.”

చుక్క అంటే ఇది. లారీ తిరిగొచ్చినప్పుడల్లా డిప్‌స్టిక్ చివరనుంచి ఒక్క బొట్టు గుండ్రటి ఫిల్టర్ పేపరు మీద వదిలేవారు. బడి ల్యాబులో మాకు రంగులు విడదీసి చూపించిన కాగితాల్లాంటివే. బొట్టు మెల్లగా చుట్టూ పాకుతుంది. మసి అంచుదాకా సమంగా పరుచుకుంటే ఆయిల్‌కి ఇంకా మోసే శక్తి ఉన్నట్టు. మధ్యలోనే గడ్డకట్టి నల్లగుడ్డులా నిలబడిపోతే దాని పని అయిపోయినట్టు. ఆ కాగితాలను వరండాలో తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసేవారు. గాలికి అవి మెల్లగా తిరుగుతుంటే, కనుపాప పెద్దదైన కళ్ళు అటూ ఇటూ చూస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు ఆ వరండాలోకి ఒంటరిగా వెళ్ళాలంటే నేను దగ్గి వెళ్తున్నాను. ఎవరికి తెలియజేయడానికో నాకే తెలియదు.

“తారీకు చూసి దింపెయ్యకూడదబ్బాయ్,” అనేవారు ఆ కళ్ళను చూస్తూ. “చుక్క చూసి చెప్పాలి.” ఆయిల్ గురించే అనేవారని అప్పట్లో నేను గట్టిగా నమ్మాను.

ఆవిడకు మిగిలిన కోరిక ఒక్కటే. ఆ ఆయిల్ ఒక్కసారైనా పూర్తి దూరం నడవాలి, నడిచాక చుక్క ఎలా ఉంటుందో తన కళ్ళతో చూడాలి. దానికి అడ్డం యాదగిరి భయం. ఈ లారీకి ముందు అతను వేరే సేటు దగ్గర నడిపేవాడు. ఆ సేటు ఆయిల్ మార్పించడం వాయిదా వేస్తూ పోగా, చివరికి లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ఇంజన్ బిగుసుకుపోయింది. లారీ వెనక్కి దొర్లింది. వెనకాల బస్సు, బస్సునిండా జనం. బండి ఎలా ఆగిందో యాదగిరికి ఇప్పటికీ తెలియదు. బస్సు అద్దం వెనక ఒక ముసలామె దండం పెడుతూ కనిపించిందని మాత్రం చెప్తాడు. అప్పటినుంచి నల్లటి ఆయిల్ కనబడితే అతని చెయ్యి దానంతటదే పానా కోసం వెతుకుతుంది.

అందుకని అతనేం చేసేవాడంటే, మామూలు దూరం నిండగానే హైవే మీద ఒక ఢాబా వెనక లారీ ఆపి, టీచరమ్మ సింథటిక్ ఆయిల్ మొత్తం దింపేసి, తన రోజువారీ బత్తా డబ్బుతో కొన్న మామూలు ఆయిల్ పోసి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చేవాడు.

కెమిస్ట్రీ టీచర్ దగ్గర ఈ దొంగతనం ఎంతసేపు దాగుతుంది? మొదటిసారే బొట్టు లేత బూడిదరంగులో పరుచుకుంది. టీచరమ్మ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశారు.

“యాదగిరీ, అందరి లారీల్లో ఆయిల్ ముసలిదవుతుంది. మన లారీలో పసిపాప అవుతోందేంటయ్యా?”

“అంత మీ ప్రార్థనలమ్మా,” అన్నాడు యాదగిరి తన చెప్పుల వంక చూస్తూ.

అతను వెళ్ళాక నేను రెచ్చిపోయాను. నిలదియ్యమన్నాను. పంచాయతీ పెడదామన్నాను. ఆవిడ రస్కు టీలో ముంచి, మెత్తబడేదాకా ఆగి, “భయపడేవాడి చేత నిజం చెప్పిస్తే రేపటినుంచి భయంతోపాటు సిగ్గు కూడా మోస్తాడు. ఘాట్ మీద వాడికి రెండు బరువులెందుకురా?” అన్నారు. దూరం నిండాక మళ్ళీ సింథటిక్ ఆయిలే పోయించారు. ఈసారైనా ఉంచుతాడేమోనని. అతను మళ్ళీ దింపేశాడు. ఇలా చాలాకాలం నడిచింది. ఆవిడ తెలుసని చెప్పలేదు, అతను చేశానని చెప్పలేదు. మధ్యలో నేను రస్కులు తింటూ కూర్చున్నాను.

ఆవిడ కోసం పెట్టిన ఆదరణ కూడిక రోజున షామియానా కింద అందరూ తెల్లబట్టల్లో కూర్చున్నారు. బాపట్ల నుంచి వచ్చిన టీచరమ్మ చెల్లెలు ఫోటో పక్కన ఉన్నారు. పాట అయిపోయి వాక్య ప్రసంగం మొదలుకాబోతుండగా యాదగిరి గేటులోకి వచ్చాడు. రెండు చేతుల్లో రెండు క్యాన్లు. అవి దించి, మళ్ళీ వెళ్ళి ఇంకో రెండు తెచ్చాడు. వంటల దగ్గరున్న ఒకావిడ, “నూనె ఇప్పుడా తెచ్చేది? కూరలు దిగిపోయినయ్,” అని విసుక్కుంది.

“గిది కూరలకు కాదక్కా. ఇది టీచరమ్మ నూనె.”

చెల్లెలుగారు లేచి వచ్చారు. “ఏంటి బాబూ ఇది?”

“ఇంజన్ల కెల్లి తీసిన ఆయిల్ అమ్మా. ఆమె పోయిస్తుండె, నేను తీస్తుంటి. పారబోయనీకె మనసొప్పలే. గింత మంచి ఆయిల్. మా మంచం కింద పెట్టిన.” తర్వాత ఫోటో వైపు తిరిగి, “నిన్ను మోసం చేసిన, టీచరమ్మా,” అన్నాడు మామూలు గొంతుతో, లోడు కిరాయి చెప్పినట్టు.

సంఘపెద్ద గొంతు సవరించుకున్నారు. ఇలాంటి సందర్భానికి ఏ కీర్తన పాడాలో ఎవరికీ తోచలేదు. నేను యాదగిరిని గోడవారగా లాక్కెళ్ళాను.

“యాదన్నా, ఆమెకు తెలుసే.”

“ఏం తెలుసు?”

“మొత్తం. మొదటి చుక్క నుంచి.”

అతను అక్కడే మట్టిలో కూలబడ్డాడు. “తెలిసి సుత ఊకున్నదా? ఒక్కసారి తిడితే అయిపోతుండె గదా తమ్మీ. తిట్టించుకొని ఇడిసిపెడుతుంటి.”

ఆవిడ చెప్పిన రెండు బరువుల మాట చెప్పాను. తేలికపడతాడనుకున్నాను. నా అంచనాలు మామూలుగానే తప్పాయి. అతను తల పట్టుకుని, ఫోన్ వచ్చిన రోజు సంగతి చెప్పాడు. ఆ రోజు కూడా ఢాబా వెనక లారీ కిందకి దూరాడు. ఆయిల్ దింపే చాంబరు నట్టుకు పానా తగిలించాడు. ఒక్క తిప్పు తిప్పాడు. జేబులో ఫోన్ మోగింది. వార్త విన్నాక ఆ తిప్పు వెనక్కి తిప్పి, బిగించి, అలాగే ఇంటికొచ్చేశాడు.

“అంటే ఇప్పుడు బండిల...”

“ఆమె ఆయిలే ఉన్నది. మామూలు దూరం దాటిపోయింది. నాకు మస్తు పరేషాన్ అయితుంది తమ్మీ. ఇంజన్ నడుస్తుంటే ఎక్కడ బిగుస్తదో అని భయం. బంద్ జేస్తే ఇంక కష్టం.”

“బంద్ జేస్తే ఏందన్నా?”

“ఆమె ఊకున్నది ఇనవడ్తది.”

 

చెల్లెలుగారు లారీ సంగతి తేలేదాకా నడుపుతూ ఉండమన్నారు. నాగపూర్ లోడు వచ్చింది, దాని వెనకే ఒకటి తర్వాత ఒకటి ఇంకా లోడ్లు. యాదగిరి పానాల సంచి తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టి, “ఇది నా దగ్గరుంటే మల్ల తీస్త,” అని వెళ్ళిపోయాడు. పానాలు లేకుండా లారీ తీసే డ్రైవరును మీరు చూసి ఉండరు. నేను చూశాను. ఆ నెలలన్నీ ఆ సంచి మా బీరువా పక్కన కూర్చుని నన్ను చూసేది. ఫోన్ మోగితే ముందు ఘాట్ గుర్తొచ్చేది, తర్వాత అద్దం వెనక ముసలామె. దారిలో అతను ఫోన్ చేసినప్పుడల్లా ముందు దాన్ని ఇంజన్ వైపు పట్టుకుంటాడు. ఇంజన్ చప్పుడు వినిపిస్తుంది. “ఇంటున్నవా?” అంటాడు. “ఇంటున్ననే.” “ఏమన్న తేడా ఉన్నదా?” “లేదన్నా.” నాకు తేడా తెలియదని ఇద్దరికీ తెలుసు.

లారీ తిరిగొచ్చింది. ఆయిల్‌కి పూర్తి దూరం నిండింది. మేమిద్దరం వరండా మెట్ల మీద కూర్చుని కొత్త ఫిల్టర్ పేపరు మీద చుక్క వదిలాం. కటిక నలుపు. యాదగిరి ముఖం తిప్పుకున్నాడు. బొట్టు కాసేపు కదల్లేదు. తర్వాత అంచులు పాకడం మొదలుపెట్టాయి, ఎవరో కిందనుంచి మెల్లగా లాగుతున్నట్టు. మధ్యలో గడ్డ నిలబడలేదు. నలుపంతా సమంగా బయటిదాకా నడిచి ఆగింది. నా కంటి మీద నాకే నమ్మకం లేక రాణీగంజ్ షాపాయన ద్వారా ల్యాబుకు కూడా పంపించాను. దింపాల్సిన అవసరం ఇంకా రాలేదని చెప్పారు.

చూడాల్సిన మనిషి మాత్రం చూడలేదు. ఆవిడ నాకు చదువు చెప్పారు, టీ ఇచ్చారు, తెలిసిన నిజాన్ని ఎదుటివాడి మీద పెట్టకుండా పట్టుకుని కూర్చోవడం ఎలాగో చూపించారు. మొదటి రెండూ కొంత ఒంటబట్టాయి. మూడోది నాలాంటి వాగుడుకాయకు వస్తుందన్న ఆశ లేదు.

కొత్త ఫిల్టర్ వేసి, అదే ఆయిల్‌తో యాదగిరి మళ్ళీ బయల్దేరిన పొద్దున వాన పడుతోంది. ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఎంతసేపటికీ కదల్లేదు. నేను గొడుగుతో కిటికీ కిందికి వెళ్ళాను.

“ఏందన్నా?”

“ఏమన్న అను తమ్మీ.”

“ఏమనాలె?”

“ఏదో ఒకటి. నువ్వు సుత ఊకుంటే నేనెట్ల పోత?”

“చుక్క మంచిగున్నది,” అన్నాను. “పో అన్నా.”

గేరు పడింది. లారీ గోడ మలుపు తిరిగి, చప్పుడు కూడా వానలో కలిసిపోయింది. అది నిలబడిన చోట నేల ఇంకా పొడిగా ఉంది, లారీ పొడవున, లారీ వెడల్పున. దాని మీద చినుకులు ఒక్కటొక్కటే పడటం మొదలుపెట్టాయి. నేల మొత్తం ఒకే రంగు అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.