రజియా మేడం నాచు కారం

ఎనిమిదో తరగతి మధ్యలో నేను బడి మానేసిన రోజు మా సైన్సు మాస్టారు క్లాసంతటికీ చాక్లెట్లు పంచాడని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను నమ్మను. ఆయన అంత ఖర్చు పెట్టే మనిషి కాదు. అలాంటి నేను ఇవాళ పొద్దున మూకుట్లో సముద్రపు నాచు వేయిస్తూ, ఇందులో ఇనుము ఉంది, అయోడిన్ ఉంది అంటూ కొత్తగా పనిలో చేరిన ఆడవాళ్లకు పాఠం చెబుతున్నాను. వేడెక్కిన నాచులోంచి తడి వల వాసన లేచి ఎండుమిరపకాయల ఘాటులో కలిసేసరికి నా మాట ఆగిపోయింది. కిందటి వానాకాలంలో పోయిన రజియా మేడం పక్కనే నిలబడి గరిటె అడిగినట్టనిపించింది.

మేడం కాలేజీలో పోషకాహారం పాఠాలు చెప్పి రిటైరయ్యాక చిలకలూరిపేటలో పొడుల కార్ఖానా పెట్టారు. కార్ఖానా అంటే రెండు గదులు, ఒక మర, ఆరుగురు ఆడవాళ్లు, ఒక వ్యాను. నేను ఆ వ్యానుకు డ్రైవరుగా చేరి, నోరు ఊరుకోక సేల్స్‌మన్‌నయ్యాను. రామేశ్వరం వైపు నుంచి మూటల్లో వచ్చే ఎండు నాచును ఉప్పు పోయేదాకా కడిగి, ఎండబెట్టి, వేయించి, మిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర వేసి ఆవిడ ఒక కారం తయారుచేశారు. దాన్ని ల్యాబుకు పంపితే కాగితం వచ్చింది. ఇనుము బాగా ఉందని నేను ఎగిరి గంతేశాను.

"ఆగు కోటేశూ. నాచులో ఎంత ఉందో ఈ కాగితం చెప్పుద్ది. తిన్నవాళ్ల ఒంట్లోకి ఎంత పోద్దో చెప్పదు. మీ నాన్న మిరప చేలో వేసిన ఎరువంతా మొక్కే తీసుకుందా?"

"యాడండీ! సగం వానకు కొట్టుకుపోయేది. మిగిలిందాంట్లో కలుపు వాటా."

"పొట్ట కూడా అంతే. ఇట్టాంటి వాటిలో ఇనుము అసలే కొంచెం కొంచెంగా ఒంటబట్టుద్ది. అన్నం తినగానే టీ తాగితే ఆ కొంచెం కూడా సరిగ్గా పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే కాస్త మెరుగు. అర్థమైందా?"

నేను తలూపాను. బడిలో నేర్చుకున్న విద్య అదొక్కటే.

నిజానికి నా బుర్రలోకి పోయింది 'ఇనుము' అన్న ఒక్క మాటే. జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర వ్యాను ఆపి, "అమ్మా, రెండు ముద్దలు తిన్నారంటే పత్తి బేలు భుజానేసుకుని ఒంగోలు దాకా నడిచిపోతారు!" అని అరిచేవాణ్ని. వాళ్లు నవ్వి కొనేవాళ్లు. రోజూ అరిచీ అరిచీ చివరికి నేనే నమ్మేశాను. అప్పుడు మా ఆవిడ నాగమణికి ఐదో నెల. రక్తం తక్కువగా ఉందని ఆసుపత్రిలో ఐరన్ బిళ్లలు ఇచ్చారు. వేసుకుంటే వాంతులు. "ఇంట్లో ఇనుప గని పెట్టుకుని బిళ్లలెందుకే?" అని మాన్పించాను. రెండు పూటలా నాచు కారం కలుపుకుని తినేది. తిన్న వెంటనే నేను ప్రేమగా పెట్టిచ్చిన టీ తాగేది.

ఏడో నెలలో రెండు మెట్లెక్కితే ఆయాసం. పరీక్ష చేస్తే రక్తం ఇంకా తగ్గింది. భయం వేసింది. భయం వేసినప్పుడు నాకు జోకులే వస్తాయి.

"మేడం, మీ నాచు మోసం చేసిందండీ. మా ఆవిడకి రక్తం పెరగకపోగా తగ్గింది."

"బిళ్లలు వేసుకుంటుందా?"

"ఎందుకండీ, మన కారం ఉండగా!"

ఆవిడ నవ్వలేదు. గరిటె మూకుట్లోనే వదిలేసి "వ్యాను తియ్" అన్నారు. వెనక మిరపకాయలు మాడుతున్నా తిరిగి చూడలేదు. ఇంటికొచ్చి నాగమణి కంటి కింద రెప్ప లాగి చూశారు. ఏం తింటుందో, దాని మీద ఏం తాగుతుందో ఒక్కొక్కటే అడిగారు. కారం డబ్బా తీసి తన సంచిలో వేసుకున్నారు. "కడుపుతో ఉన్నదానికి రోజూ ఇంత నాచా? అయోడిన్ మూటమూటకీ మారుద్దయ్యా. ఎక్కువైతే బిడ్డకు మంచిది కాదు." అదే వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇక బిళ్లలతో పని కాదని సెలైన్‌తో పాటు ఇనుము ఎక్కించారు. ఇట్టాగే కాన్పుకొచ్చి ఉంటే తల్లి దక్కడం కష్టమయ్యేదని డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది. సీసా అయిపోయేదాకా మేడం నాగమణి చెయ్యి వదల్లేదు.

బయట వరండాలో, "నన్ను తిట్టండి మేడం" అన్నాను.

"నిన్నెందుకు తిట్టడం? అన్నేళ్లు పాఠాలు చెప్పినదాన్ని. నువ్వు తలూపగానే అర్థమైందనుకున్నాను. నీ చేత తిరిగి చెప్పించుకోవాల్సింది." నా భుజం మీద చెయ్యి వేశారు. "ఇంకెప్పుడన్నా అర్థం కాకపోతే నన్ను నవ్వించమాక. అర్థం కాలేదని చెప్పు. ఇంకోసారి చెప్పడం నాకేం బరువు కాదు."

అంతవరకూ నాతో ఎవరూ అలా అనలేదు. నెలలు నిండి పాప క్షేమంగా పుట్టింది. ఆ తర్వాత మేడం దగ్గర పనిచేసినన్నాళ్లూ 'అర్థం కాలేదండీ' అనడం నేర్చుకున్నాను, మొదట చెమటలు పట్టి, తర్వాత దర్జాగా. ఇప్పుడు అదే కార్ఖానాలో చేసిన ఆ కారం అమ్మేటప్పుడు, "రుచికి కొనండి, కొంచెమే తినండి. రక్తానికైతే డాక్టరు దగ్గరకు పోండి" అంటాను. కొన్నవాళ్ల చేత ఆ మాట తిరిగి చెప్పించుకుని గానీ పొట్లం చేతికివ్వను.

ఇవాళ మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, నాచు వేయిస్తుంటే మేడం గుర్తొచ్చారని నాగమణికి చెప్పాను. "ఆవిడే లేకపోతే నేనేమైపోయేవాణ్నో" అని కళ్లు తుడుచుకున్నాను.

నా కంచంలో నిమ్మచెక్క పిండుతూ నాగమణి అంది: "నీకేమవుద్ది? ఇంకో వ్యాను తోలుకునేవాడివి. పోయేదాన్ని నేను."