నాలుగు ముడుల నార

ఇన్నాళ్లూ దీన్ని రాయకపోవడానికి కారణం ఒక్కటే. నాకు అక్షరాలు రాకపోవడం. అరవై దాటాక మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. దయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

పందొమ్మిది వందల డెబ్బైల్లో రాయగడ దగ్గర ఒక ఆసుపత్రిలో, పరీక్షల గదిలో గాజుసామాను కడిగేదాన్ని. అక్కడ సుగుణమ్మగారు కొండ ఆకుల రసాలు పరీక్షించేవారు. క్రిములు పెంచిన గాజుపళ్లెంలో, రసంలో తడిపిన కాగితపు బిళ్ల పెట్టేవారు. మరునాటికి బిళ్ల చుట్టూ తేటగా వలయం కనిపిస్తే, ఆ ఆకు క్రిముల్ని చంపినట్టు.

ఆకులు తెచ్చేది కొల్నార వైపు కొండమీది ముసలామె సుక్రి. ఆరు రకాలు, ఆరు కట్టలు. గుర్తుకు కట్టునారకి ఒకటి నుంచి ఆరు దాకా ముడులు వేసేది. నాకు అప్పగించాక నారలు విప్పి తీసుకుపోయేది.

"నీకూ నాకూ ఇదే పొత్తకం అమ్మి" అని నవ్వేది. ఆ ముడుల సంగతి మా ఇద్దరికే తెలుసు. నేను వరసగా ఆకులు అందిస్తే, సుగుణమ్మగారు పళ్లేల మీద అంకెల చీటీలు అంటించేవారు.

ఒకసారి జిగురు లేక మూతల మీదే సిరాతో రాశారు. శనివారం పొద్దున నేను మరకలనుకుని తుడిచేశాను. వరస కూడా తప్పించాను.

ఒక పళ్లెంలో వలయం కనిపించింది. అది ఏ ఆకుదో తెలిసే దారి లేదు.

"రాతలేయి మరియమ్మా?" అని సుగుణమ్మగారు అడిగారు.

"నాకేటి తెల్దమ్మగారూ." పని పోతుందని భయం.

"ఇంకేటుంది, గది మూసీస్తారు" అని ఆమె కూలబడ్డారు. నెలలోగా ఏదో ఒకటి తేలాలని పెద్ద డాక్టరు చెప్పి ఉన్నారు. ఆకులేమో అయిపోయాయి, వానలు పడితేగాని దొరకవు.

మధ్యాహ్నం గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని భోజనానికి వెళ్లాను. కిటికీకి ఇనప జాలీ ఉంది. తిరిగొచ్చేసరికి ఆ వలయమున్న పళ్లెం మూత మీద ఒక నార ఉంది. పచ్చి నార. నాలుగు ముడులు.

ఎవరికీ చెప్పకుండా కొంగున కట్టుకున్నాను. సాయంత్రం మందుకొచ్చిన సుక్రి ఊరి ఆడవాళ్లు, ఆమె జ్వరమొచ్చి గురువారమే పోయిందన్నారు.

వానల తర్వాత ఆ ఆడవాళ్లు తెచ్చినవాటిలో నేను ఏరిన నాలుగో ఆకుతో మళ్లీ చేస్తే వలయం వచ్చింది. నార ఎలా వచ్చిందో మాత్రం ఈరోజుకీ నాకు తెలియదు.

నార దొరికిన మరునాడు ఆదివారం. చర్చి గంట కొట్టకముందే సుగుణమ్మగారి గుమ్మం ముందు నిలబడ్డాను. కొంగు విప్పి నార ఆమె చేతిలో పెట్టాను.

"రాతలు తుడిసీసింది నేనేనమ్మగారూ" అన్నాను. "మీకు కావలసింది నాలుగో ఆకు."